మార్గరెట్ ఆంటీ సంతకం పెట్టిన రోజు

నా చిన్నతనంలో మా వీధిలో ముప్పై ఇళ్లుండేవి... పొగ వచ్చేది మాత్రం నాలుగిళ్ల పొగగొట్టాల్లోంచే. మిగతావాటి కిటికీలకు స్థానిక కౌన్సిల్ వాళ్లు ఇనుపరేకులు కొట్టేశారు.

ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌కి గంట దూరంలో, చదునైన పొలాల నడుమ ఉండేదా ఊరు. బొగ్గుగని కోసం పుట్టింది. గని మూతపడ్డాక బడి, కొట్టు, క్లబ్బు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వేరే డాక్టర్లెవరూ రామంటే, మా నాన్న అక్కడికి జీపీగా, అంటే ఊరి డాక్టరుగా, వచ్చారు. మా ముందుగదే ఆయన క్లినిక్... అక్కడివాళ్లు సర్జరీ అంటారు.

గుడివాడ నుంచి వచ్చిన అమ్మకు అక్కడ దొరికిన ఒకే ఒక్క స్నేహం పక్కింటి మార్గరెట్ ఆంటీ. గని దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఆవిడ భర్త ఎప్పుడో పోయాడు. ఖాళీ ఇళ్ల పెరళ్లలో రూబార్బ్ అనే ఎర్రకాడల మొక్క ఏటా దానంతటదే మొలిచేది. ఆంటీ, నేను వెళ్లి కాడలు తెంపుకొచ్చేవాళ్లం. ఆవిడ వాటితో క్రంబుల్ అనే తీపి వంటకం చేసేది... అమ్మ గోంగూర మీద బెంగతో ఆ పుల్లటి కాడలే పప్పులో వేసేది. పప్పు పంపిన గిన్నెను ఆంటీ ఎప్పుడూ వట్టిగా తిరిగి ఇవ్వలేదు. ఆ మర్యాద ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

నాకు పదేళ్లొచ్చిన ఏడు, ఇళ్లు కూలగొడతామనీ, అందరికీ టౌన్లో ఫ్లాట్లిస్తామనీ కౌన్సిల్ ఉత్తరాలు పంపింది. సొంతిళ్లున్న ఇద్దరే కాదనగలిగారు... వీధి చివర రాన్ అంకుల్, మా పక్కన మార్గరెట్ ఆంటీ.

మార్గరెట్ మీ మాటైతే వింటుంది, మీరు చెప్పండని కౌన్సిల్ మనిషి నాన్నను అడిగాడు. నాన్న వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. ఆంటీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాన్న మెల్లగా చెప్పారు. సర్జరీ వచ్చే నెల మూసేస్తున్నారనీ, ఆవిడ ఆస్తమాకు చలికాలంలో ఊపిరాడకపోతే అంబులెన్స్ వచ్చేసరికి ఆలస్యమైపోతుందనీ...

 ఆంటీ ఒక్కటే అడిగింది.

"డాక్టర్, మీ అమ్మకైనా ఇదే చెప్తారా?"

"చెప్తాను," అన్నారు నాన్న.

ఆవిడ కౌన్సిల్ కాగితం మీద సంతకం పెట్టింది.

ఫ్లాట్ మూడో అంతస్తులో. మేం నాటింగ్‌హామ్ మారాక రెండుసార్లు చూసొచ్చాం. రెండుసార్లూ ఇంట్లోనే కోటు వేసుకుని కూర్చునుంది... ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు. చలికాలం గడిచింది. వసంతం మాత్రం గడవలేదు. అంత్యక్రియల్లో ఆవిడ కూతురు నాన్న చెయ్యి పట్టుకుని, వాళ్లమ్మను అక్కడి నుంచి కదిలించినందుకు థాంక్స్ చెప్పింది. నాన్న తలూపారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడూ తెలియదు... ఇప్పుడూ తెలియదు.

పోయిన నెల, ఒకసారి ఆ ఊరు తీసుకెళ్లమని నాన్న అడిగారు. వీధి ఉన్నచోట మోకాలెత్తు గడ్డి. నిలబడి ఉన్నది ఒక్క ఇల్లే... సంతకం పెట్టని రాన్ అంకుల్‌ది. ఆయనకి తొంభై దాటాయి. గుర్తుపట్టి లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. టౌన్ నుంచి నర్సు వారానికోసారి వస్తుందట.

నాన్న కప్పు కింద పెట్టి, ఇన్నేళ్ల చలికాలాల్లో ఇబ్బందేం కాలేదా అని అడిగారు.

"లేదు డాక్టర్. ఏమీ కాలేదు," అన్నాడు రాన్ అంకుల్.

తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడిపాను. మోటర్‌వే ఎక్కాక నాన్న, "ఆవిణ్ణి ఉండనియ్యాల్సిందమ్మా," అన్నారు.  హీటర్ కాస్త పెంచాను.

మా పిల్లలకు నేను పెరిగిన వీధి చూపిద్దామంటే, చూపించడానికి గడ్డి తప్ప ఏమీ లేదు... మీరు పెరిగిన వీధి ఇంకా ఉందా? మీ పక్కింట్లో ఎవరుండేవారు? వాళ్ల పేరొక్కటైనా రాయండి... చదువుతాను.