ఇద్దరు రాణులు, ఒక ఫోను

నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఎవరూ నవ్వరు. ఒక్క ఫోనుతో సొంత భార్య ఉద్యోగం ఊడగొట్టిన మహానుభావుణ్ణి నేను.

మాది కార్వాన్‌లో పాల వ్యాపారం. పొద్దంతా పాలు పోస్తూ తిరుగుతాను. మా లత చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో పనిచేసేది. మా బిడ్డ పుట్టిన వారమే మా బర్రె కూడా ఈనింది. అమ్మ మురిసిపోయి బిడ్డకూ దూడకూ ఒకటే పేరు పెట్టింది, రాణి అని. కొన్నాళ్లకే అమ్మ పోయింది. ఇక బిడ్డను చూసేదెవరు? పనికి పోయేవాళ్ల పిల్లలను పగలు చూసుకునే కేంద్రం ఉందనీ, ఫీజు సర్కారే కడుతుందనీ తెలిసి దరఖాస్తు పెట్టాం. మిగిలింది ఒక్కటే సీటు. అది రాకపోతే లత పని మానాల్సిందే.

అదే వారం దూడకు టీకా వేయడానికి పశువుల ఆసుపత్రి వాళ్లు దాని పేరు రాసుకుని, ఫోన్ చేస్తామన్నారు. పాలు పితుకుతుంటే ఫోన్ మోగింది.

"సర్కారు ఆఫీసు నుంచి. రాణి మీ ఇంట్లోనేనా?" ఆడగొంతు.

"మాదే మేడం. ఆరు నెలలది."

"పగలు ఎవరు చూస్తున్నరు?"

"చూసుడేంది మేడం, గుంజకు కట్టేసి పోతం."

అవతల ఏదో గబగబా రాసుకుంటున్న చప్పుడు. మెచ్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. చూడండి నా తెలివి!

"కట్టేస్తరా! మొత్తుకుంటే?"

"గింత గడ్డేస్తం."

"తల్లిపాలు?"

"గిన్ని దానికి ఇడిచి, తక్కినయి అమ్ముకుంటం. ఫికర్ చెయ్యకుండ్రి, ఆడదని మంచిగనే సాకుతున్నం. మగదైతె ఎప్పుడో అమ్మేద్దుము!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి మర్నాడు గల్లీలోకి పోలీసు జీపు వచ్చింది. వెంట ఫోన్‌లో మాట్లాడిన ఆ మేడం.

"రాణి ఏది?"

లత నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకొచ్చింది. వెనక గుంజ దగ్గర దూడ అరిచింది.

"గదేంది?"

"గది గూడ రాణే మేడం."

కానిస్టేబుల్ గోడ పట్టుకుని నవ్వాడు. మేడం కూడా నవ్వి, అంతలోనే ముఖం చిన్నబుచ్చుకుంది. "అయ్యో అన్నా, నిన్న నీ మాటలిన్నంక ఆ సీటు వేరేటోళ్లకు ఇచ్చేసినం. మళ్ల ఖాళీ అయితె ఫోన్ చేస్తం."

లత పని మానేసింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "గింత నవ్వరాదే?"

"దూడను గాదు, నన్ను కట్టేసినవ్ గుంజకు," అంది. నాకు ఏడుపొచ్చింది.

అందుకే, బర్రె మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట సర్కారు ఫోన్ వస్తే, "రెండు కాళ్లదా, నాలుగు కాళ్లదా?" అని అడగందే నోరు విప్పను. ఆ ఫోనే ఇంకా రాలేదు.