మూసినా చావని మెయిలు ప్రోగ్రాం

2005 వానాకాలంలో విశాఖలోని మా కంపెనీ నన్ను పలాసలో ఒక జీడిపప్పు ఎగుమతి ఆఫీసుకు పంపింది. ఆర్డరు కాగితంలో నా హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజనీర్. నా కింద పనిచేసేవాళ్ళెవరూ లేరు. సీనియారిటీ అంతా నెత్తిమీద తెల్లవెంట్రుకల్లోనే ఉండేది. మాది పలాస పక్కనున్న టెక్కలి గనక లాడ్జి ఖర్చు ఉండదని నన్ను ఎంపిక చేశారట. నా ప్రతిభ చూసి పంపారని నేను చాలాకాలం నమ్మాను.

పని ఏమిటంటే, ఆ ఆఫీసు మెయిలు ప్రోగ్రాంకి మేం రాసిచ్చిన యాడ్-ఇన్‌ను దారిలో పెట్టడం. యాడ్-ఇన్ అంటే సొంతిల్లు లేని ప్రోగ్రాం. మెయిలు ప్రోగ్రాం తెరవగానే దాని లోపల కాపురం పెడుతుంది, అది మూస్తే తనూ మూటాముల్లే సర్దుకోవాలి. విదేశీ కొనుగోలుదారుల నుంచి ఆర్డరు మెయిలు వస్తే, అందులో ఏ రకం పప్పు అడిగారో చదివి, సరైన ఫోల్డరులో పెట్టి, జవాబుకి ఆనాటి ధరల పట్టిక తగిలించడం మా యాడ్-ఇన్ బాధ్యత. ఆ బాధ్యత బాగానే చేసేది. వెళ్ళమన్నప్పుడు మాత్రం వెళ్ళేది కాదు.

సాయంత్రం మెయిలు ప్రోగ్రాం మూస్తే తెరమీద దాని కిటికీ మాయమయ్యేది గాని, ప్రోగ్రాం లోపల బతికే ఉండేది. మర్నాడు తెరవబోతే ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మిషను మొత్తం ఆపి మళ్ళీ పెట్టాల్సిందే. ఈలోగా బయటి దేశం నుంచి ఫోన్లు, ఆఫీసు యజమాని షావుకారుగారి కేకలు.

ఆ కేకలన్నీ పడేది సువార్త. సుమ్మాదేవి నుంచి పాసింజరు బండిలో వచ్చేది. డిగ్రీ చదివి, ఆ ఆఫీసులో మా యాడ్-ఇన్ పెట్టిన నెలలోనే కంప్యూటరు ఆపరేటరుగా ట్రయలు మీద చేరింది. వాళ్ళమ్మ ఆ పక్క ఫ్యాక్టరీలోనే జీడిపప్పు తొక్క తీసేది. ఈ కుర్చీ పోతే తనూ వెళ్ళి అమ్మ పక్కన కూర్చోవడమేనని మొదటిరోజే నాతో అంది. వాళ్ళ సంఘంలో ఆడపిల్ల ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళడం ఆ ఏడాది ఈమెతోనే మొదలట, అందుకని ఆదివారం చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి ప్రార్థన కూడా చేశారట.

షావుకారుగారి సిద్ధాంతం సులువైనది. "ఏటమ్మా, నువ్వొచ్చిన కాణ్నుంచీ ఈ మిషను సత్తంది. ఏటి నొక్కేత్తన్నావు?" అనేవారు. "నానేటీ నొక్కనేదండీ బాబూ" అనేది ఆమె. ఈ సంభాషణ రోజూ మాట పొల్లుపోకుండా జరిగేది. చివరికాయన వచ్చే శనివారం దాకా చూస్తాననీ, అప్పటికీ ఇంతే అయితే ఆమెను మాన్పించేస్తాననీ తేల్చేశారు.

అసలు జబ్బు నాకు రెండోరోజే దొరికింది. మెయిలు ప్రోగ్రాంలో ఉత్తరం, ఫోల్డరు, కిటికీ, ప్రతిదాన్నీ మేం ఆబ్జెక్ట్ అంటాం. యాడ్-ఇన్ ఒకటి అడిగి తీసుకుంటే, ఇది ఫలానావారి చేతిలో ఉంది అని మెయిలు ప్రోగ్రాం గుర్తు పెట్టుకుంటుంది. పని కాగానే వదిలేశానని మనం చెప్పాలి. దాన్నే రిలీజ్ అంటాం. చెప్పకపోతే ఎవరో ఇంకా వాడుతున్నారు పాపం అనుకుని, కిటికీ మూసుకుని కూడా అది లోపల కాచుకు కూర్చుంటుంది. మేం వాడిన భాషలో అలా వదలకుండా మిగిలినవాటిని చెత్తలా తీసుకుపోయే ఏర్పాటు విడిగా ఉంది, కాదనను. అయితే అది ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. మా టెక్కలి వీధిలో చెత్తబండి కూడా అంతే.

మా కోడులో మావాళ్ళు ఒకే వరుసలో చుక్కలు పెట్టుకుంటూ పోయారు: ప్రోగ్రాం చుక్క ఫోల్డరు చుక్క ఉత్తరాలు. చూడ్డానికి పొందిగ్గా ఉంటుంది. కానీ ప్రతి చుక్క దగ్గరా ఒక ఆబ్జెక్ట్ చేతికొస్తుంది. మధ్యలో వచ్చినవాటికి పేరు పెట్టలేదు గనక వాటిని వదలడానికి పేరు పెట్టి పిలిచే దారి లేదు. చుక్కలన్నీ విడగొట్టి, ఒక్కోదానికి పేరు పెట్టి, తీసుకున్న వరుసకు ఎదురు వరుసలో వదిలేలా తిరగరాశాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. విశాఖలో మా టీమ్ లీడరు అప్పుడే బెంగుళూరులో ఏదో ట్రైనింగు చేసి వచ్చారు. ఒకసారి వదిలితే చాలదనీ, ఆ ఆబ్జెక్ట్ ఎందరి చేతిలో ఉందన్న లెక్క సున్నాకి దిగేదాకా వదులుతూనే ఉండమనీ కొత్త నియమం పంపారు. నాకది నచ్చలేదు. మనం తీసుకోనిది మనం ఎలా వదులుతాం అని ఫోనులో అడిగాను. నియమాన్ని చర్చించే హోదా నాది కాదని ఆయన గుర్తుచేశారు. తెల్లవెంట్రుకలకి ఆయన దగ్గర చెల్లుబాటు లేదు. చెప్పినట్టే పెట్టాను.

మెయిలు ప్రోగ్రాం మర్యాదగా మూసుకోవడం మొదలుపెట్టింది. సువార్త నాకు టీ తెప్పించింది. ఆ టీ చల్లారేలోపే కొత్త గోల వచ్చింది. ఆర్డరు మెయిలు తెరిచి జవాబు నొక్కితే, ఆబ్జెక్ట్ తెగిపోయిందంటూ తప్పు చూపించి జవాబు ఆగిపోతోంది. ఆ తప్పు చూపిస్తున్నది మా యాడ్-ఇన్ కాదు. అదే మెయిలు ప్రోగ్రాంలో ఇంకో యాడ్-ఇన్ కాపురముంది. జవాబులకి ఫ్యాక్టరీ పేరూ ముద్రా తగిలించేది. రాసినవాడు షావుకారుగారి బావమరిది సింహాచలం. కాశీబుగ్గలో కంప్యూటరు ట్రైనింగు సెంటరు నడుపుతున్నాడు.

సింహాచలం మోటారు సైకిలు మీద దిగాడు. "బావా, నా ప్రోగ్రాం రెండేళ్ళబట్టీ బంగారంలాగ నడస్తంది. వైజాగోళ్ళ సరుకు పెట్టినాకే ఈ రోగం" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి కాస్త తగ్గి, "నేకపోతే ఈయమ్మే ఏటో నొక్కేసుంటాది" అని ముగించాడు. ఆ ముగింపు అందరికీ సుఖంగా ఉంది. షావుకారుగారు వెంటనే తలూపారు. మా లీడరు కూడా ఫోనులో, ఆపరేటరు పొరపాటు అయి ఉండొచ్చని రిపోర్టులో రాసేయమన్నారు. సువార్త తన టిఫిన్ క్యారియరు సంచిలో పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది.

ఆమెను లేచి అవతలి బల్ల దగ్గర కూర్చోమన్నాను. షావుకారుగారిని ఆమె కుర్చీలో కూర్చోబెట్టాను. మా యాడ్-ఇన్ తీసేసి, జవాబు నొక్కమన్నాను. నొక్కారు, వెళ్ళింది. మాది పెట్టి సింహాచలానిది తీసేశాను. మళ్ళీ నొక్కారు, వెళ్ళింది. రెండూ పెట్టి నొక్కమన్నాను. తప్పు వచ్చింది. ఇంకోసారి నొక్కారు. మళ్ళీ వచ్చింది. మౌసును బల్లకేసి కొట్టి నొక్కారు. అప్పుడూ వచ్చింది.

అవతలి బల్ల దగ్గర నుంచి సువార్త, ఎంతో వినయంగా, "మీరేటి నొక్కేత్తన్నారండీ బాబూ?" అంది.

ముందుగా నవ్వినవాడు సింహాచలం. బావ చూసేసరికి నవ్వు ఆపేశాడు గాని భుజాలు కదులుతూనే ఉన్నాయి. షావుకారుగారు మౌసును మెల్లగా బల్ల మీద పెట్టి, నాకేసి తిరిగి, "అయితే ఎవుడిది తప్పు?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి.

చెప్పాను. రెండు యాడ్-ఇన్‌లూ ఒకే గదిలో ఉన్నాయి, ఒకే ఆబ్జెక్ట్‌ను పంచుకుంటున్నాయి. బంతిభోజనంలో ఒకడు తన కడుపు నిండగానే సాంబారు బకెట్టు పట్టుకెళ్ళి కడిగేస్తే పక్కవాడి గతేమిటి? సున్నా దాకా వదలమన్న మా నియమం చేసింది అదే. షావుకారుగారికి ఇది చప్పున అర్థమైంది. తన మేనకోడలి పెళ్ళిలో సరిగ్గా ఇలాగే జరిగిందట. ఎవరు చేశారో పేరుతో సహా చెప్పారు.

ఆ మధ్యాహ్నమే మా కోడులోంచి ఆ నియమం తీసేశాను. మనం అడిగి తీసుకున్నదాన్ని, ఒక్కసారే వదిలేలా మార్చాను. మెయిలు ప్రోగ్రాం తనంతట తాను చూపించినవాటి జోలికి పోలేదు. తర్వాత మా యాడ్-ఇన్‌కి కంప్యూటరు మెమరీలో వేరే గది కట్టి, సింహాచలం ప్రోగ్రాంతో పొత్తు లేకుండా చేశాను. రిపోర్టులో ఆపరేటరు ఊసు ఎత్తకుండా, నియమం తప్పని రాశాను. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటు రాలేదు. నియమం మాత్రం చాలాకాలం కంపెనీ పుస్తకంలో అలాగే ఉంది. అందరం గౌరవించేవాళ్ళం, ఎవరం పాటించేవాళ్ళం కాదు. సువార్తను శనివారం మాన్పించలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేశారు.

తీసుకున్నవాడే వదలాలి, తీసుకోనిదాన్ని ముట్టుకోకూడదు అన్నది ఆ పనిలో నేర్చుకున్న పాఠం. కుర్రాళ్ళకి అది అరగంటలో చెప్పేయొచ్చు. అక్కడే నేర్చుకున్న రెండో పాఠం చెప్పడానికే ఎక్కువసేపు పడుతుంది. షావుకారుగారు ఆమెను శనివారం పంపేసి, నేను సోమవారం కోడు సరిచేసి ఉంటే, మంగళవారం నుంచి మిషను చక్కగా నడిచేది. ఆ పిల్ల పోయింది, దరిద్రం వదిలింది అని పలాసంతా అనుకునేది. కాదని చెప్పడానికి నేను అక్కడ ఉండేవాణ్ణి కాదు.