మా ఆవిడ పేరు మీద చీటీ

గుండెపోటు ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా అది నిజంగా వచ్చినవాళ్ళకి కూడా తెలియదు. ఎనిమిది నెలల్లో నాకు పద్నాలుగుసార్లు వచ్చింది. అందులో ఒక్కటీ నిజం కాదని డాక్టర్లంటారు.

మాది సత్తుపల్లి పక్కన పల్లెటూరు. బొగ్గు ఓపెన్‌కాస్టు గని దగ్గరే కాబట్టి మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెట్టినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి. మొదటిసారి నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి. బ్లాస్టింగేలే అనుకుని గూట్లో గిన్నెల వైపు చూశాను. ఒక్కటీ కదల్లేదు. ఇక నా పని అయిపోయిందని ఖాయం చేసుకున్నాను.

అప్పట్నుంచీ ఈసీజీలే ఈసీజీలు. సత్తుపల్లిలో తీశారు, ఖమ్మంలో తీశారు, భద్రాచలం దర్శనానికని వెళ్ళి అక్కడా తీయించుకున్నాను. చూసిన ప్రతివాడూ ఏం లేదండీ, బ్రహ్మాండంగా ఉంది అనేవాడు. ఒళ్ళు మండిపోయేది. ఇక్కడ ప్రాణం పోతుంటే ఏం లేదంటాడేమిటి! భద్రాచలం కుర్ర డాక్టరు మీదైతే ఒంటికాలి మీద లేచాను. పాపం ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గుండె బాగానే ఉంది, భయమే మిమ్మల్ని తినేస్తోంది, మానసిక వైద్యుడికి చూపించుకోండి అన్నాడు.

అంటే మా ఊరి భాషలో పిచ్చి డాక్టరు. నేను పది ఎకరాల పామాయిల్ తోటలో గెలలు కోయించే మనిషిని. ఊళ్ళో తగువొస్తే పెద్దమనిషని కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఈ సంగతి తెలిస్తే రేపు నా మాట ఎవడు వింటాడు? పోనీ వెళ్ళకుండా ఉందామంటే, ఎప్పుడు పోతానో నాకే తెలియదు. వారం రోజులు కొట్టుమిట్టాడి, పరువూ ప్రాణమూ రెండూ దక్కే ఉపాయం కనిపెట్టాను. ఆస్పత్రిలో చీటీ మా ఆవిడ పేరు మీద రాయిస్తాను. ఆవిడ పేషెంటు, నేను తోడొచ్చిన మొగుణ్ణి. జబ్బు నాది చెప్తాను, మందులు నేనే మింగుతాను.

మరి ఆవిడ పరువు సంగతేమిటని మీరు అడగొచ్చు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆవిడ మాత్రం నా ఉపాయం విని, నన్ను ఒక్క క్షణం చూసి, ఏ బస్సుకి పోదామని అడిగింది. బస్సులో దారిపొడుగునా ఆవిడకి పాఠం చెప్పాను. దడ, చెమట, చావు భయం, ఈ వరసలో చెప్పాలని.

ఖమ్మంలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద నలుగురున్నారు. అందరూ నా బాపతే. ఒకాయన బావమరిది కోసం వచ్చానన్నాడు, బావమరిది ఎక్కడా లేడు. ఒకామె చెల్లెలికి నిద్రపట్టడం లేదంది. చెల్లెలు చర్లలో ఉందట, ఈవిడ ఆవులిస్తోంది. మిగతా ఇద్దరూ ఎవరికో తోడు వచ్చినవాళ్ళే. అంతమందిలో మా ఆవిడ ఒక్కతే పేషెంటునని ఒప్పుకుని దర్జాగా కూర్చుంది.

లోపల డాక్టరమ్మ ఆవిణ్ణి అడిగిన ప్రతిదానికీ నేనే జవాబు చెప్పాను. అన్నం తింటుండగా వస్తుందండీ, చేతులు చల్లబడతాయండీ, చచ్చిపోతానేమో అనిపిస్తుందండీ, అంటే ఈవిడకి. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి నన్ను కాసేపు ఆగమంది. మీరు చెప్పండమ్మా అని ఆవిడ వైపు తిరిగింది.

నాకేం భయం లేదు, పాఠం గట్టిగానే చెప్పాను కదా. మా ఆవిడ అందులో ఒక్క ముక్క కూడా అనలేదు.

"గడియేసుకుని స్నానం చేసి ఎనిమిది నెలలైంది మేడం," అంది. "ఈయన పిలిస్తే ఇనపడదేమోనని తలుపు ఊరికే దగ్గరకేసి, చప్పుడు రాకుండా పోసుకుంటున్నా. మా అమ్మ దగ్గరికి గూడ పోలే. మిక్సీ ఏసినా మధ్యమధ్యల ఆపి ఇంటా, ఈయన ఉలుకూపలుకూ ఉందా అని."

నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ మిక్సీ ఆగి ఆగి తిరగడం నేను రోజూ విన్నాను. కరెంటు సరిగ్గా ఇవ్వడం లేదని లైన్‌మన్‌కి ఫోన్ చేసి తిట్టాను కూడా.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ చీటీ ఈమెదే ఉంచుతా," అంది. "మీరు పోయి మీది రాయించుకుని రండి."

బయటికొచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. చీటీలు రాసే అమ్మాయి, పేషెంటు ఎవరని అడిగింది. బెంచీ మీదున్న నలుగురూ నా వైపు చూస్తున్నారు. నేనేనమ్మా అని పేరు, వయసు, ఊరు అన్నీ వినపడేలా చెప్పాను. చెప్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ తువ్వాలు తీసుకుని స్నానానికి బయల్దేరింది. గడియేసుకో అన్నాను. ఆవిడ తలుపు దగ్గర ఆగి, నా ముఖం చూసి, లోపలికి వెళ్ళింది. గడియ పడింది. పడీ పడగానే నాకు దడ మొదలైంది, చేతులు చల్లబడ్డాయి. లోపల చెంబు మీద చెంబు కుమ్మరిస్తూనే ఉంది, ఎనిమిది నెలల నీళ్ళూ ఒక్కసారే పోసుకుంటున్నట్టు. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆవిణ్ణి పిలవలేదు.