‘నా అంచనా తప్పింది’ అనగలిగిన ప్రభావతమ్మ

ప్రభావతమ్మ టీచర్ ఇక లేరు. సోమవారం పొద్దున హైదరాబాద్ నుంచి ఆమె శిష్యురాలు సరిత ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ప్రతి మాటకూ ఆధారం అడగడం నాకు అలవాటైపోయింది. మరణవార్తకూ ఆధారం అడిగాను. "ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాను. సరిత ఏడుపు ఆపుకుంటూ, "ప్రభావతక్క చెల్లెతోనే మాట్లాడిన అన్నా. చాయ్ తాగుకుంట తాగుకుంట కుర్చీలనే పోయిందట" అన్నది.

బీదర్‌లో ఆమెను ఎరగని ఇల్లు తక్కువ. ఇంట్లో తెలుగు, కాలేజీలో కన్నడం, బజారులో దక్కనీ మాట్లాడుతూ, మూడు భాషల్లోనూ ఒకే స్పష్టతతో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. నాకు అక్క వరస కాదు, బంధువూ కాదు. అయినా అక్కా అని పిలిచాను, తమ్మీ అని పిలిపించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మేం కొందరం చేరి వాదించుకునే చర్చా వేదిక ఒకటి ఉంది. కులాన్ని, మూఢనమ్మకాలను, ఆడవాళ్లను అణచిపెట్టే ఆచారాలను అక్కడ తూర్పారబడుతుంటాం. దేవుడు లేడని బాహాటంగా చెప్పుకునే మా మధ్యకు ఆమె పొద్దున చర్చిలో ఆరాధన ముగించుకొని, అదే తెల్లచీరలో వచ్చి ముందు వరసలో కూర్చునేవారు. ఒకసారి నేను ఒక బాబా మహిమల మీద నిప్పులు చెరిగి కూర్చోగానే వెనక్కి తిరిగారు.

"మంచిగ మాట్లాడినవ్ తమ్మీ. ఆయన దగ్గరికి పోయొచ్చినవా?"

"పోవుడెందుకక్కా? అబద్ధమని తెలుసు గద."

"నాకూ తెలుసు. కానీ చూసి చెప్పు. చూడకుంట అన్నవంటే నీదీ నమ్మకమే అయితది."

మరుసటి వారం వెళ్లి చూసి వచ్చాను. ఆ తర్వాత నేను రాసిన వ్యాసానికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ బలం నా కలానిది కాదు, ఆమె ప్రశ్నది.

రిటైరయ్యాక ఆమె చర్చి పక్క గదిలో పాత కంప్యూటర్లు పెట్టుకొని ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. ఏ మతం పిల్లలైనా రావచ్చు. అన్నింట్లోనూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. ఎందుకని అడిగితే, "ఉత్తగ దొరుకుతది, అదొకటి. ఇంకోటి, మూత తీసి లోపల చూడనిస్తది" అన్నారు. మూత తీయనివ్వని దేన్నీ ఆమె పూర్తిగా నమ్మలేదు.

హైదరాబాద్‌లో కొత్త గాజు భవనాలు వరసగా లేస్తున్న రోజులవి. మా వైపు పల్లెల్లో కాస్త చదివిన ప్రతి పిల్ల చూపూ అటే. సంతపూర్ రైతు వీరయ్య కూతురు సరిత అలాంటి పిల్ల. ఔరాద్‌లో బట్టల షాపులో పనిచేస్తూ, ఆదివారాలు అక్క దగ్గరికి వచ్చి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఆమెను ఎంపిక పరీక్షకు పిలిచింది. ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి, వాళ్ల ఆఫీసు వైఫైకి కలిపి రాయాలి. అలాంటి పిలుపు రావడం అదే మొదటిసారి. అది తప్పితే మళ్లీ ఎప్పటికి వస్తుందో తెలియదు. బట్టల షాపు మాత్రం ఉంటుంది.

పరీక్ష సోమవారం. దసరా తర్వాత వచ్చిన ఆదివారం, మా చర్చ సాగుతుండగా తండ్రీకూతుళ్లు తువ్వాలలో చుట్టిన లాప్‌టాప్‌తో లోపలికి వచ్చారు.

"వైఫై కార్డు లేస్తలేదక్కా," అంది సరిత. "బజార్ల చూపించిన. కార్డు ఖరాబైంది, కొత్తది తెప్పియ్యాలె, వారం పడ్తదన్నడు."

క్షణంలో మా వేదిక వైద్యశాల అయిపోయింది. ఒకరు లినక్స్ తీసిపారేయమన్నారు. ఒకరు లాప్‌టాప్‌నే మార్చమన్నారు. అరువివ్వడానికి మాలో ఎవరి దగ్గరా ఇంకొకటి లేదు. వీరయ్య మెల్లగా, "దిష్టి తగిలిందేమో సారూ. ఊరంత వచ్చి చూసిన్రు" అన్నాడు.

లాప్‌టాప్ మూత మీద కుంకుమ మరక నా కంటపడింది. "దీనికి పూజ గిట్ల చేసిన్రా?" అన్నాను.

"చేసినం సారూ. ఆయుధపూజ. నాగలి, కొడవలి, వాటెంబడి ఇదీ. దీనితోనే గద నా బిడ్డ బతుకు."

నేను లేచి నిలబడ్డాను. ప్రభావతక్క చేయి ఎత్తారు. "తమ్మీ, నీ ఉపన్యాసం వచ్చే ఐతారం విందాం. పొద్దుగాల్ల ఈ పిల్లకు బస్సుంది."

తర్వాత ఆమె చేసిన పనిని నేను ఇప్పటికీ హేతువాదానికి పాఠంగా చెప్తాను. స్వయంగా కీబోర్డు ముట్టుకోలేదు. సరితను కూర్చోబెట్టి, లోపలి భాగాల పేర్లన్నీ చూపించే కమాండ్ కొట్టించారు. వైఫై కార్డు పేరు కనిపించింది. "హాజర్ పలికింది. సచ్చినోళ్లు హాజర్ పలకరు," అన్నారు. బజారు తీర్పు అక్కడే కొట్టుబడిపోయింది.

"ఎప్పటి దాంక నడిచింది బిడ్డా?"

"దసరా ముందురోజు దాంక అక్కా. ఆ రోజే లినక్స్ కొత్త అప్‌డేట్ ఎక్కించిన."

ఆమె కళ్లు మెరిశాయి. "గదే. కొత్తదానికీ కార్డుకూ పొసుగుతలేదు. పాతది లోపలనే ఉంటది, దాంతోని మిషిన్‌ను మళ్ల లేపు. నడుస్తది సూడు."

సరిత అలాగే చేసింది. మేమందరం తెర మీదికి వంగాం. వైఫై రాలేదు. అప్పుడు ప్రభావతక్క, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే అన్నారు: "నా అంచనా తప్పింది. మంచిగైంది, ఒక దోవ మూసినం. ఇంకో దోవ చూద్దాం."

వేదికల మీద నేను జీవితమంతా గడిపాను. ఆస్తికుల్ని విన్నాను, నాస్తికుల్ని విన్నాను, సంస్కర్తల్ని విన్నాను. ఓడిపోయి గొంతు పెంచినవాళ్లను చూశాను, మైకు గుంజుకున్నవాళ్లను చూశాను. శిష్యురాలి ముందు, ఆమె తండ్రి ముందు, ఎగతాళికి సిద్ధంగా ఉన్న మా అందరి ముందు ఆ మాట అంత తేలిగ్గా అన్న మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు.

మా మిత్రుడొకరు ఊరుకోలేదు. "ప్రార్థన చేసి చూడరాదక్కా!"

"ప్రార్థన పొద్దుగాలనే చేసిన, నా కోసం. మిషిన్‌కు కమాండే కావాలె."

అప్పటిదాకా కళ్లు తుడుచుకుంటున్న సరిత కూడా నవ్వింది. నవ్వుతూనే, వైఫైని ఎవరైనా ఆపారా అని యంత్రాన్ని అడిగే కమాండ్ కొట్టి జవాబు చదివింది. "సాఫ్ట్‌వేర్ ఆపలేదంటుందక్కా. హార్డ్‌వేర్ కాడ ఆగిందంట."

"అంటే ఎవరి చెయ్యో తగిలింది. చేత్తోని ఆగింది కమాండ్‌తోని లేవదు." ఆమె వీరయ్య వైపు తిరిగారు. "వీరయ్యా, పూజ ఎట్ల చేసినవో మొదటి నుంచి చెప్పు."

వీరయ్య ముఖం వాడిపోయింది. "తప్పు నాదేనా అమ్మా?"

"తప్పెవరిదని అడుగుతలేను. ఏం చేసినవో అడుగుతున్న."

ఆయన చెప్పాడు. "పసుపు, కుంకుమ పెట్టిన. పూలు పెట్టిన. తెల్లారి తుడిసిన. ముందటి అంచున పసుపు ఎండి గట్టిపడితే గోటితోని గీకిన. ఏదో జరంత కదిలినట్టయింది. పసుపు పెళ్ల అనుకున్న."

అక్క ఆ అంచు మీద వేలు పోనిచ్చారు. చీరకున్న పిన్నీసు తీసి పసుపు గీకారు. దాని కింద గింజంత మీట బయటపడింది, వైఫైని ఆపేందుకు ఆ లాప్‌టాప్ చేసినవాళ్లు పెట్టిన మీట. దాన్ని పక్కకు జరపగానే చిన్న దీపం వెలిగింది. చుట్టుపక్కల నెట్‌వర్కుల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. సరిత కేక వేసి తండ్రి భుజం పట్టుకుంది.

నేను ఆగలేకపోయాను. "చూసిన్రా! పూజతోనే ఆగింది!"

"కాదు తమ్మీ. పూజకు ఆగలే, గీకుడుకు ఆగింది. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నారు. తర్వాత వీరయ్యతో, "నువ్వు దాయకుంట చెప్పినవు కాబట్టే దొరికింది. వచ్చే దసరాకు బొట్టు మూత మీద పెట్టు, అంచులకు పుయ్యకు" అన్నారు.

దీని మీద నేను చాలా ఆలోచించాను. అవమానపడ్డ మనిషి సాక్ష్యం చెప్పడు. ఆ మధ్యాహ్నం నా ఉపన్యాసం సాగి ఉంటే వీరయ్య తలవంచుకొని నిలబడేవాడు, గోటి సంగతి అతని నోట్లోనే ఉండిపోయేది. నిజం కావాలంటే ముందు మనిషికి నోరు విప్పే ధైర్యం ఇవ్వాలి. సంస్కరణ పేరుతో కలం పట్టిన మాలాంటివాళ్లకు ఇంతకంటే పెద్ద పాఠం లేదు. అది నేర్పినందుకు ఆమెకు బతికుండగానే కృతజ్ఞత చెప్పాను. "ఐతే చాయ్ తాగిపియ్యి" అన్నారు.

సరిత పొద్దున్నే మన్నాఏఖేళ్ళి మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఎక్కింది. ఎంపికైంది. ఈరోజు హైదరాబాద్‌లో తన సంపాదన మీద నిలబడి ఉంది.

చనిపోయినవాళ్లను దేవతలు చేయడం మనకున్న పాత రోగం. ఆ పని నేను చేయను. ప్రభావతక్కకు ముక్కు మీద కోపం. క్లాసులో ఫోను మోగితే ఎంత పెద్దమనిషినైనా బయటికి పంపేవారు. జలుబు చేస్తే హోమియో గోళీలు వేసుకునేవారు. దాని మీద మేము పోట్లాడుకోని చలికాలం లేదు. ఆ ఒక్క వాదంలో మాత్రం తన అంచనా తప్పిందని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.

ఖననానికి సరిత హైదరాబాద్ నుంచి, వీరయ్య సంతపూర్ నుంచి వచ్చారు. పాస్టరుగారు వాక్యం చదివారు, ఆడవాళ్లు తెలుగులో పాట పాడారు. వీరయ్య దూరంగా నిలబడి నన్ను పిలిచాడు. "సారూ, చర్చికి రానోళ్లు మట్టి వెయ్యొచ్చునా ఈడ?"

"ఎవరొద్దంటరు? రా."

అతను పిడికెడు మట్టి వేసి, వంగి, "టీచరమ్మా, నా బిడ్డ అన్నం నీ పుణ్యం" అన్నాడు. సరిత తండ్రి చేయి పట్టుకొని నిలబడింది.

నాకు పరలోకం లేదు. ఆమె ఎక్కడో ఉండి వింటున్నారని రాసి పాఠకులను, నన్నూ మోసం చేయలేను. వినలేని మనిషికి కృతజ్ఞత చెప్పడం ఏ హేతువుకు నిలుస్తుంది అని ఎవరైనా అడగవచ్చు. ఆమె ఉంటే అందరికంటే ముందు ఆమే అడిగేవారు. అయినా గుడిలో గానీ చర్చిలో గానీ ఏనాడూ జోడించని ఈ చేతులను ఆ మట్టి ముందు జోడించాను.