ప్రారంభోత్సవం తర్వాత

నా భార్య కిందటి నెలలో, నంద్యాలలోని మా ఇంట్లోనే కన్నుమూసింది. జబ్బు చాలాకాలంగా ఉన్నదే. చెప్పవలసిన వాళ్లకు ఫోన్‌లో చెప్పాను. ఆమెను ఎరగని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆమె ఏం పని చేసేదో మా బంధువులకు చివరిదాకా అర్థం కాలేదు. ఇంజనీరు కాదు, టీచరూ కాదు. ఒక చోటు మనుషుల నడతను ఎలా మారుస్తుందో, మనుషులు ఒక చోటును తమకు కావలసినట్టు ఎలా మార్చుకుంటారో పరిశోధించేవాళ్లు ఉన్నారు. వాళ్లు రాసింది ఇళ్లూ ఆస్పత్రులూ కట్టేవాళ్లు చదవరు. కట్టినదాన్ని రాసేవాళ్లు పోయి చూడరు. ఈ ఇద్దరి మధ్య తిరగడమే ఆమె పని. తాను చదివినదాన్ని ఆర్కిటెక్టులకు గోడలుగా, కిటికీలుగా విడమరిచి చెప్పేది. "జనం తప్పుగా వాడతాండారంటే మనం తప్పుగా కట్టినట్టే" అనేది.

ప్రారంభోత్సవాలకు వెళ్లేది కాదు. ఆ రోజు అందరూ నిలబడమన్న చోట నిలబడతారు, అందులో చూసేదేముంది అనేది. నెలలు గడిచి, ఆ కట్టడం గురించి మాట్లాడుకోవడం అందరూ మానేశాక వెళ్లి ఒక మూల కూర్చునేది.

నంద్యాల బజారులో ఒక బట్టల షావుకారు పై అంతస్తు కట్టించాడు. ఎవరూ మెట్లెక్కడం లేదని ఆమెను పిలిపించాడు. ఆమె పొద్దున వెళ్లి వాకిట్లో చెప్పులు విడిచే చోట కూర్చుంది.

"ఏందక్కా, మెట్లు చూడమంటే చెప్పులు చూస్తాండావు?"

"నీ మెట్లకేం కాలేదప్పా. ముసలోళ్లను ఈడ చెప్పుల కాడ వదిలిపెట్టి ఆడోళ్లు పైకి పోలేకుండారు. ఆ మూల రెండు కుర్చీలేయి. కూచున్నోళ్లు పైనుంచి కనపడతా ఉండల్ల."

"రెండు కుర్చీలు వేసేదానికి ఇంత చదువు చదివినావా?"

"చదవకపోతే నాలుగు వేయమందును."

షావుకారు నవ్వి కాఫీ తెప్పించాడు. కుర్చీలు కూడా వేయించాడు.

ఇంట్లోనూ అంతే. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చెప్పులు స్టాండులో పెట్టకుండా వాకిలికి ఎడమపక్క విడవడం నా అలవాటు. దాని గురించి ఆమె ఎన్నడూ ఒక మాట అనలేదు. ఒకరోజు సాయంత్రం వచ్చి చూస్తే స్టాండే ఎడమపక్కకు వచ్చి ఉంది.

ఆమె చివరి పని ఆళ్లగడ్డలో. అక్కడ విగ్రహాలు చెక్కే కుటుంబాలు కొన్ని కలిసి ఒక పెద్ద షెడ్డు కట్టుకోదలిచాయి. మగవాళ్లు చెక్కిన రాయిని రుద్ది నునుపు చేసేది ఆడవాళ్లు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ఆర్కిటెక్టు వాళ్ల కోసం వెనకవైపు విడిగా ఒక గది గీశాడు. ఫ్యాన్లు, అలమరలు, అన్నీ ఉన్నాయి. అందరికీ నచ్చింది. నా భార్య వాళ్ల వీధిలో చాలాసార్లు తిరిగి వచ్చి, ఆ గదిలో ఎవరూ కూర్చోరని చెప్పింది.

"ఎందుకు మేడమ్? వాళ్ల కోసమే కదా కట్టేది."

"వాళ్లు రాయి రుద్దేది వంట మధ్యలో. కుక్కర్ కూత వినపడనంత దూరం పోరు. ఇంటి తలుపు కంటికి కనపడతా ఉండల్ల."

"కుక్కర్ కూతను ప్లానులో ఎక్కడ గీయమంటారు?"

"ఈడ" అని పెన్సిలు అందుకుని, ఇళ్ల వైపు నుంచి షెడ్డులోకి ఒక గీత లాగింది.

ఆ గీత మీద వాళ్లిద్దరూ చాన్నాళ్లు వాదించుకున్నారు. చివరికి గది పోయింది. రాళ్లు కోసే మిషన్లు రోడ్డు వైపుకు మారాయి. ఇళ్ల వైపు గోడ మోకాలెత్తుకు దిగింది, ఆడవాళ్లు కూర్చునే చోటు దాని పక్కకు వచ్చింది. తన లెక్క తప్పితే ఆడవాళ్లు మళ్లీ ఎండలో, ఇంటి మెట్ల మీదే మిగిలిపోతారని ఆమెకు తెలుసు. ప్లానులో ఉన్న గదిని తీసేయించింది తనే.

షెడ్డు పూర్తయ్యేసరికి ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది. ఆర్కిటెక్టు ఫొటోలు పంపితే చూడకుండా ఫోను పక్కన పెట్టింది.

"ఫొటోకైతే పిలిస్తే వచ్చి కూచుంటారు. ఆడోళ్లు వాళ్లంతట వాళ్లు వస్తాండారా లేదా, అదొకటే నాకు కావల్ల. మీరు పోయి చూసి రాండి."

"నాకేం తెలుస్తుంది?"

"తెలిసేదాకా కూచోండి. అన్నేండ్లు పరీక్ష పేపర్లు దిద్దినారు, ఒక్క పూట కూచోలేరా?"

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో గంట, గంటంబావు. నేను వెళ్లలేదు. నేను బస్సులో ఉండగా ఏమైనా అవుతుందని భయం. ఆమె ఇంకోసారి అడిగింది. రేపు అన్నాను. తర్వాత అడగలేదు. ఆ రోజులన్నీ పక్కనే ఉన్నాను. మందులు వేశాను, దిండు సర్దాను. అవి ఎవరైనా చేసేవే. నన్ను అడిగింది వేరు. ఉండడం సరైనదా, వెళ్లి రావడం సరైనదా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పెద్దకర్మ అయ్యాక ఒక ఉదయం బస్సెక్కాను.

షెడ్డుకు రోడ్డు వైపు మిషన్ల మోత, దుమ్ము. ఇళ్ల వైపు నడిచాను. పొట్టి గోడ దగ్గర ఎవరూ లేరు. ఒక చాప, నీళ్ల బకెట్టు, సగం రుద్ది వదిలేసిన అమ్మవారి విగ్రహం. గోడకు పైన ఒక పక్క, కప్పు దూలానికి కట్టిన దుప్పటి వేలాడుతోంది. ఒక రాతి దిమ్మె మీద కూర్చున్నాను. ఎండ ముదిరింది. లేచి వెళ్లిపోదామనుకుంటుండగా ఎదురింట్లోంచి ఒకామె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడ దాటి చాప మీద కూర్చుని విగ్రహం మోకాలు రుద్దసాగింది. కాసేపటికి ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

"ఎవరు కావల్లన్నా?" అంది మొదటామె.

షెడ్డు పనికి వచ్చిన మేడమ్ భర్తనని చెప్పాను.

"ఆయమ్మ రాలేదా? ఒకతూరి రమ్మని చెప్పన్నా. గోడ ఇంత పొట్టిగా పెట్టించి పాయె. వానొస్తే జల్లంతా మా మీదే. అందుకే దుప్పటి కట్టుకున్యాం."

"ఊరికే చెప్పొద్దు పాపా" అంది పక్కనున్నామె. "వానకు గాదన్నా. ఎదురింట్లో వాళ్లత్త కూచోని ఇట్లే చూస్తాంటాది. చూపుకు అడ్డం కట్టింది."

ముగ్గురూ నవ్వారు.

వాళ్లకు ఇల్లు కనపడాలని నా భార్య పోట్లాడింది. ఇంటికి వాళ్లు కూడా కనపడతారన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఈ మాట వింటే మంచం మీద లేచి కూర్చునేది. ఆ అత్త ఎక్కడ కూర్చుంటుందో, దుప్పటి ఎంత ఎత్తున కట్టారో, నన్ను కుదురుగా ఉండనివ్వకుండా అడిగేది.

"మరిచిపోకుండా ఆయమ్మకు చెప్తావు కదన్నా?" అంది మొదటామె.

"చెప్తా" అన్నాను.

ఆమె చెంబుతో విగ్రహం మీద నీళ్లు పోసింది. బూడిద రంగు మడ్డి జారిపోయి రాయి నల్లగా మెరిసింది. షెడ్డు కప్పు, వంగి చూస్తున్న ముగ్గురి ముఖాలు అందులో స్పష్టంగా కనిపించాయి. అంచుల నుంచి తడి ఆరుతూ వచ్చింది. మెరుపు కొంచెం కొంచెం తగ్గి, ముఖాలు ఒక్కొక్కటే పోయి, రాయి మళ్లీ బూడిద రంగుకు తిరిగింది. ఆమె ఇంకో చెంబెడు పోసింది.