గీత కింద అంగుళం

నేను ఏడో తరగతిలో బడికి సెలవిచ్చాను. బడి కూడా పెద్దగా బాధపడలేదు. అప్పటినుంచీ మోటార్లు బాగుచేసుకుంటున్నాను. అలాంటి నేను ఒక ఇంజినీరమ్మకు అభిమానినయ్యానంటే, కారణం ముదినేపల్లి వైపున్న ఒక చేపపిల్లల చెరువు.

చెరువు ఒక పెద్దాయనది. మా వైపు నీళ్లను అడుగునుంచి కొలవరు. అడుగంతా బురద, దాన్ని నమ్మలేం. నీళ్లలో పాతిన కర్రమీద గీత ఉంటుంది, దానికి పైన ఎన్ని అంగుళాలో చెప్పుకుంటారు. వట్లూరు నుంచి వచ్చిన ఆ ఇంజినీరమ్మాయి ఒక పరికరం బిగించింది. నీళ్లు గీత దాకా దిగితే అదే మోటారు వేస్తుంది, లెక్క ఫోనులో చూపిస్తుంది.

ఈ వేసవిలో ఒకరోజు పొద్దుటినుంచీ కరెంటు లేదు. పైగా గట్టుకు ఎండ్రకాయ బొరియ పెట్టి నీళ్లు జారిపోయాయి. మధ్యాహ్నం కరెంటు వచ్చినా మోటారు కదల్లేదు. పెద్దాయన ఫోను చేస్తే పరిగెత్తాను. చేపపిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఫోనులో చూస్తే 65,535 అంగుళాలు!

"బాబాయ్ గారూ, మైలు లోతు నీళ్లున్నాయండి. ఓడ కొనుక్కోండి."

"నీ ఎగతాళి తగలెయ్య! పిల్లలు చచ్చిపోతున్నాయిరా, ముందు మోటారు వెయ్యి!"

పరికరాన్ని తప్పించి మోటారు నేరుగా వేశాను. బొరియలో మట్టి కుక్కాను. అమ్మాయి స్కూటీ మీద వచ్చేసరికి నీళ్లు ఇంకా గీతకు అంగుళం కిందే ఉన్నాయి. ఆమె కర్రను చూసింది, ఫోను చూసింది, గట్టుమీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

"మైనస్ పట్టని రకం అంకె పెట్టానండి. అన్‌సైన్డ్ అంటారు. సున్నాలోంచి ఒకటి తీస్తే..."

"పాత స్కూటరు మీటరు వెనక్కి తిప్పితే సున్నాలన్నీ తొమ్మిదులైనట్టు!"

"అచ్చం అదేనండీ! ఈ రకంలో పట్టే అన్నిటికంటే పెద్ద అంకె 65,535."

ఆ మెప్పుకి నా ఏడో తరగతి పదో తరగతైపోయింది. "మరి మైనస్ ఎందుకు పెట్టలేదండీ? కరువొచ్చిందా?"

ఆమె లాప్‌టాప్‌లో ఏదో దిద్దుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. బిగించిన రోజున వైర్లు కలిపింది నేనే. "నీళ్లు గీత కిందకి పోతాయాండీ?" అని ఆమె పెద్దాయన్ని అడిగింది. చెరువు ఆసామిని ఆ మాట అడగడమంటే, పెళ్లివంటవాణ్ణి అన్నం మాడుతుందా అని అడగడమే. "మా చెరువులోనా? ఎప్పటికీ పోవమ్మా!" అన్నాడాయన.

ఇప్పుడాయన తల దించుకుని నిలబడ్డాడు. 'మీరే అన్నారు కదా' అని ఆమె ఒక్క మాట అంటే చాలు. నేనైతే పదిసార్లు అనేవాణ్ణి.

"తప్పు నాదండి," అందామె. "పోవు అన్నారని రాసుకున్నాను. పోతే ఏం చెయ్యాలో కూడా రాయాల్సింది. ఇప్పుడు సైన్డ్, అంటే మైనస్ పట్టే రకం చేశాను. సగం అంకెలు గీత కిందకి ఇచ్చేశానండి. పైన ముప్పై రెండు వేల అంగుళాలే మిగిలాయి."

"సరిపెట్టుకుంటాం లెండి," అన్నాను.

మోటారు ఆపి, పరికరానికి మళ్లీ కలిపాను. ముగ్గురం ఫోను మీదకి వంగాం. ఫోనులో మైనస్ ఒకటి పడింది. మోటారు దానంతటదే గుర్రుమంది. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కటే కిందకి జారుకున్నాయి.

పక్క చెరువు గట్టుమీంచి ఎవరో కేకేశారు. "ఏవండీ, నీళ్లెలా ఉన్నాయండీ?"

పెద్దాయన ఆ అమ్మాయి వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మైనస్ ఒకటండీ! ఎక్కుతున్నాయి!"