మారెమ్మ వేసిన మూడో స్థానం

ఆదోనిలో ఓ కల్యాణమండపంలో ఆ ఆదివారం జిల్లా స్థాయి బాడీబిల్డింగ్ పోటీలు పెట్టారు. మారెమ్మ లోపలికి అడుగుపెట్టగానే సంఘం కార్యదర్శి ప్రేమ్ కుమార్ ఎదురొచ్చాడు. బట్టల కొట్టు నడిపే మనిషి, మాట మెత్తన. వేదిక మీద ముఖ్య అతిథుల పక్కన వేసిన కుర్చీ చూపించాడు.

"అమ్మా, నువ్వు ఆడ కూసో. పతకాలన్నీ నీ చేతుల మీదనే ఇప్పిస్తాం."

"నేను జడ్జిగా వచ్చినా అన్నా. కింద బల్ల కాడ కూసుంటా."

"అది కాదమ్మా. మగపిల్లోళ్లు చెడ్డీల మీద నిలబడతారు. ముందు వరసలో ఆడమనిషి కూసోని సూస్తాంటే జనం ఏమనుకుంటారు?"

"జనం సరదాకు సూస్తారు. నేను పరీక్ష రాసి పాసయి సూసేదానికి వచ్చినా. ఆడది వద్దనుకుంటే ఆ మాట మైకులో సెప్పన్నా, పోతా."

మైకు మాట వచ్చేసరికి ప్రేమ్ కుమార్ తగ్గాడు. మారెమ్మ పోయి బల్ల చివర కుర్చీలో కూర్చుంది.

ఆమెది నందవరం. తల్లి ఉరుకుందమ్మ మిరప చేలలో, పత్తి చేలలో కూలి చేసి పెంచింది. కాలేజీలో ఉన్నప్పుడు మారెమ్మ యూనివర్సిటీ తరఫున బరువులెత్తింది. ఆ తర్వాత ఎమ్మిగనూరులో ఒక మేడ మీద జిమ్ పెట్టింది. పొద్దున ఆడవాళ్లకు, సాయంత్రం మగవాళ్లకు. తన దగ్గర తయారైన కుర్రాళ్లు పోటీలకు పోయి, ఎందుకు ఓడారో తెలియక జడ్జీలను తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. అసలు తీర్పు ఎలా చెప్తారో తానే తెలుసుకుందామని విజయవాడ పోయి శిక్షణలో చేరింది. ఆ గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

ప్రధాన జడ్జి విఠల్‌ది మాధవరం, రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. పోటీ మొదలయ్యే ముందే మారెమ్మ ఆయన దగ్గరికి పోయింది.

"సార్, డెబ్బై కిలోల్లో మా బజారి ఉండాడు. మా వీధి పిల్లోడు, నా జిమ్‌లోనే చేస్తాడు. ఆ ఒక్కదానికి నేను బల్ల కాడ నుంచి లేస్తా."

విఠల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు లేస్తే నలుగురమే మిగుల్తాం, లెక్క కుదరదు. ఐదు అంకెల్లో పైది, కిందది కొట్టేస్తాం కదమ్మా. నువ్వు వాణ్ణి కావాలని పైకి లేపినా ఆ అంకె పోతుంది. కూసో. ముందే సెప్పినావు, అది మంచిదైంది."

బజారి నందవరం, ఎమ్మిగనూరు మధ్య ఆటో నడుపుతాడు. ఊళ్లో మారెమ్మ జిమ్ గురించి ఎవరైనా ఎగతాళిగా మాట్లాడితే ముందుగా తిరగబడేది అతనే. ఉరుకుందమ్మ అతనికి రోజూ గుడ్లు ఉడకబెట్టి పంపేది. ఛాతీ, చేతులు అంటే ప్రాణం పెట్టి చేసేవాడు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రేపు సేస్తాలే అక్కా, ప్యాంటేసుకుంటే కాళ్లెవురికి కనపడ్తాయి" అని నవ్వేసేవాడు.

డెబ్బై కిలోల వాళ్లు వేదికెక్కారు. మొదట అందరూ వరసగా నిలబడి నాలుగు వైపులకూ తిరగాలి. చూసేవాళ్లకు ఊరికే నిలబడినట్టే ఉంటుంది గానీ సగం తీర్పు అక్కడే తేలిపోతుంది. కండ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, నడుముకు పైభాగం, కిందిభాగం ఒకదానికొకటి పొందికగా ఉండాలి. చర్మం కింద నీరు లేకుండా కండ గీతలు గీతలుగా తేలాలి. తర్వాత అడిగిన భంగిమలన్నీ పట్టి చూపించాలి. జడ్జీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఎవరి కాగితం మీద వాళ్లు ఒకటి, రెండు, మూడు అని స్థానాలు వేస్తారు. కూడితే ఎవరికి తక్కువ వస్తే వాడు గెలిచినట్టు.

బజారి రెండు చేతులూ ఎత్తి కండలు బిగించగానే నందవరం కుర్రాళ్ల ఈలలతో హాలు అదిరింది. అతని పక్కన హొళగుంద ఉచ్చీరప్ప పొట్టిగా ఉన్నా, తల నుంచి మడమ దాకా ఎక్కడా వంక పెట్టే చోటు లేదు. ఆదోని కుర్రాడు లక్ష్మప్ప ఒళ్లు బాగా ఆరి, వీపు మీద ప్రతి నరమూ కనిపిస్తోంది.

"వెనక్కి తిరగండి" అన్నాడు విఠల్.

బజారి వీపు గొప్పగా ఉంది. దాని కింద తొడల వెనక బోలుగా, పిక్కలు సన్నగా ఉన్నాయి. మళ్లీ ముందుకు తిరిగేటప్పుడు అతను మారెమ్మ వైపు చూసి నవ్వాడు.

ఆమె పెన్ను ఆగింది. తన అంకె ఎలాగూ కొట్టేస్తారు, రెండు వేస్తే ఎవరికి నష్టం అన్న ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన తనకు వచ్చినందుకే ఆమెకు ఒళ్లు మండింది. మూడు వేసింది.

ఫలితం అలాగే వచ్చింది. ఉచ్చీరప్ప మొదటివాడు, లక్ష్మప్ప రెండు, బజారి మూడు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు బజారిని మూడో స్థానంలోనే పెట్టారు. ప్రేమ్ కుమార్ మాత్రం పతకం వేస్తూ అతని చెవిలో ఒక్క మారెమ్మ పేరే ఊదాడు.

బయట టీ బండి దగ్గర బజారి ఆమెను ఆపాడు. ఒంటికి పూసుకున్న రంగు చెమటకు కారుతోంది.

"నువ్వు కూడా మూడే ఏసినావంట కదక్కా?"

"ఏసినా."

మూడు వేసిన మిగతా ఇద్దరు జడ్జీల సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఆ మాట చెప్పి వాళ్ల చాటున నిలబడడం ఇష్టం లేకపోయింది.

"నిన్ను మాటన్నోళ్లతో నేను కొట్లాడినా."

"కొట్లాడినావు. మా ఇంట్లో ఎప్పుడొచ్చినా నీకు అన్నం ఉంటాది బజారీ. స్టేజీ మీద మాత్రం నీ కాళ్లు ఎట్లుంటే అట్లనే రాస్తా."

మర్నాటి నుంచి బజారి జిమ్‌కు రాలేదు. స్నేహితులను కూడా వేరే జిమ్‌కు తీసుకుపోయాడు. సాయంత్రాలు మేడ బోసిపోయింది. కొళాయి దగ్గర బజారి తల్లి నాలుగు మాటలనేసరికి ఉరుకుందమ్మ బిందె దించుతూనే కూతురి మీద పడింది.

"ఏమ్మే, ఒక్క అంకె మారిస్తే నీ సొమ్మేం పోతాండె?"

"మార్చేదాన్నే అయితే ప్రేమ్ కుమార్ సూపిచ్చిన కుర్చీలోనే కూసుంటాంటి కదమ్మా."

ఊరి పెద్దమనిషి ఉరుకుందప్ప వచ్చి, బజారికి ఒక మాట సారీ చెప్తే కుర్రాళ్లంతా తిరిగొస్తారని చెప్పాడు. మారెమ్మ ఆయనకు టీ ఇచ్చింది, సారీ మాత్రం చెప్పనంది. ఆ వారమే సాయంత్రం వేళ కూడా ఆడవాళ్లకేనని బోర్డు రాయించింది. మొదట టైలరింగ్ చేసే అంబాబాయి నడుము నొప్పని వచ్చింది. ఆమె వెంట వీధిలో వాళ్లు, వాళ్ల కోడళ్లు వచ్చారు. ఇల్లు గడిచింది.

మరుసటి ఏడు పోటీలు ఎమ్మిగనూరులోనే జరిగాయి. ప్రేమ్ కుమార్ ఈసారి కుర్చీ సంగతి ఎత్తలేదు. బజారి వేరే జిమ్ పేరున్న బనియన్‌తో వచ్చి ఆమె వైపు చూడకుండా వేదికెక్కాడు. వెనక్కి తిరిగినప్పుడు పిక్కలు రాయిలా లేచాయి. మారెమ్మ ఉచ్చీరప్పకు ఒకటి, బజారికి రెండు వేసింది. ఫలితమూ అదే. సొంత ఊరివాణ్ణి పైకి లేపిందని ఆదోని వాళ్లు, ఈసారీ మొదటిది ఇవ్వలేదని నందవరం వాళ్లు ఆమెకు వినబడేలాగే అనుకున్నారు.

హాలు ఖాళీ అవుతుంటే బజారి బల్ల ముందు ఆగాడు. ఏడాది తర్వాత మొదటి మాట.

"పిక్కలు సూసినావా?"

"సూసినా. తొడల ఎనక ఇంగా పనుండాది."

బజారి తొడ వెనక ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మారెమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.